రాళ్ల బస్తీ హద్దు నడిచినాయన

మొన్న దఫ్తరులో చాయ్ తాగుతుంటే మా కొత్త హెడ్ క్లర్కు పేపరు మడిచి పక్కన పెట్టి, "శాలిబండ గిర్దావర్ సాబ్ పోయిండంట. పదకొండు దినాలైందంట" అన్నాడు. పక్కనున్నాయన కప్పు దించకుండానే, "ఎవరు? గా రాళ్ల బస్తీ లైను అమ్ముకున్నాయనేనా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వబోయాను.

ఆ హద్దు లైను ఎవరూ అమ్ముకోలేదు. దాన్ని చెడగొట్టింది నేను. చెడగొట్టి, తెలిసి కూడా నోరు మూసుకున్నాను. ఈ రెండు మాటలు ఆయన బతికుండగా చెప్పవలసింది. నాకిప్పుడు నలభై ఆరేళ్లు. ఇంకా ఆలస్యం చేస్తే ఎప్పటికీ చెప్పలేనని రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఎన్నో ఏళ్లుగా ఆ పేరు ఎత్తినప్పుడల్లా జనం దాని పక్కన ఒక చెడ్డమాట చేర్చి పలుకుతున్నారు. ఆ మాట రాలిపోయిన తర్వాత ఆ ఇంటివాళ్లే పేరు చెప్పుకుంటారు. మేమంతా ఆయన్ను గిర్దావర్ సాబ్ అనేవాళ్లం. ఊరూరా తిరిగి పట్వారీల భూమి లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. అక్కడి నుంచే మా దఫ్తరుకు పంపారు.

మా దఫ్తరు సంగతి రెండు మాటల్లో చెప్పాలి. యాభైల మొదట్లో పట్నం చుట్టూ ఉన్న ఊళ్లనూ బస్తీలనూ బల్దియాలో, అంటే మునిసిపాలిటీలో, కలపాలని సర్కారు అనుకుంది. ఏది లోపలికి రావాలి, ఏది బయట ఉండాలి అని తేల్చడానికి శాలిబండలో ఒక పాత దేవిడీ భవంతి మేడ మీద మమ్మల్ని కూర్చోబెట్టారు. అప్పటికి పట్నానికి ఉన్నది ఒక హద్దు కాదు. నీళ్లకొక కమిటీ, దీపాలకొక కమిటీ, మురికినీళ్ల మోరీలకొక కమిటీ. ఎవరి హద్దు వారిది. ఇంటిపన్నుది వేరే హద్దు. ఒక గల్లీకి దీపం ఉంటుంది, నీళ్లుండవు. పక్క గల్లీలో నీళ్లుంటాయి, చెత్త ఎత్తేవాడు రాడు.

"మనిషి ఒక్కడే గద తమ్మీ" అనేవాడు గిర్దావర్ సాబ్. "వాన్ని నాలుగు ముక్కలు చేసి ఏ ముక్క ఎవరికిస్తరు? తలకాయ నీళ్ల కమిటీకి, కాళ్లు మోరీ కమిటీకా?"

అన్నిటికీ కలిపి ఒకటే హద్దు ఉండాలని ఆయన వచ్చిన మొదటి నెలలోనే ఉర్దూలో నాలుగు పేజీల నోటు రాసి పెట్టాడు. మా పెద్దసాబు దాన్ని చదివి, "కమిటీల ఛైర్మన్ల కుర్చీలు తెచ్చి నా నెత్తి మీద వేస్తరా?" అని ఫైల్లో పెట్టించాడు. గిర్దావర్ సాబ్ ఏమీ అనుకోలేదు. "ఫైల్ల ఉన్నది గద. ఉంటె సాలు" అని పుట్నాలు నోట్లో వేసుకున్నాడు.

ఆ పుట్నాలు ఆయన షేర్వాణీ కుడి జేబులో ఎప్పుడూ ఉండేవి. మనిషి పొడుగు, సన్నం, ఎడమ భుజం కొంచెం కిందికి. మోచేతుల దగ్గర మాసికలు వేసిన నల్ల షేర్వాణీ, దాని కింద తెల్ల క్యాన్వాసు బూట్లు. మేడ మెట్లెక్కి వస్తుంటే మా వాళ్లు, "పైన పెండ్లి, కింద ఫుట్‌బాలు" అనేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. చేతిలో గొడుగు ఉండేది కానీ ఎండలో విప్పడం నేను చూడలేదు. ఒకసారి అడిగాను.

"గొడుగు విప్పితె సగం పట్నం కనబడది తమ్మీ. ఇంక నడిచి ఏం ఫాయిదా?"

మిగతా వాళ్లు హద్దులను బల్ల మీద పరిచిన పటం చూసి గీసేవాళ్లు. ఆయన నడిచేవాడు. నడవని చోటు గురించి ఒక్క ముక్క రాసేవాడు కాదు. నడిచేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. పట్నం ఎప్పుడూ తన కుడిచేతి వైపు ఉండాలి. ఎంత చుట్టుదారి అయినా సరే, అటు నుంచే మొదలుపెట్టేవాడు.

"ఇటు నుంచి పోతే దగ్గర గద సాబ్?" అన్నాను ఒకరోజు, సైదాబాద్ దగ్గర కాళ్లు పీకుతుంటే.

"మా బాపు శాలిబండ గుళ్లె పూజారి. నాకు నడక వచ్చిందే గుడి చుట్టు తిరిగి. దేవుని చుట్టు ఎట్ల తిరుగుతరు?"

"కుడిచేతి దిక్కు దేవుడుండాలె."

"గట్లనే."

"అంటే పట్నం దేవుడా సాబ్?"

"గంత పెద్ద మాట నేనెక్కడన్న? అలవాటైన దిక్కు నడిస్తె రాతల తప్పు రాదు. గంతే."

ఆ రాత కూడా ఆ పద్ధతి ప్రకారమే ఉండేది. ఆయన హద్దుల పుస్తకంలో లోపల, బయట అనే మాటలుండవు. పేజీని నిలువునా రెండుగా చేసి కుడివైపు కనిపించిన ఇళ్లు, తోటలు, బావులు కుడి పక్క, ఎడమవైపువి ఎడమ పక్క రాసేవాడు. కుడి అంటే పట్నంలోకి రావలసినవి. ఎడమ అంటే అక్కర లేనివి. అంచుల్లో చీమల బారులాంటి ఉర్దూ అక్షరాలతో వేరే సంగతులు. ఆ పుస్తకాల నుంచి జాబితాలు తీసి ఇంగ్లీషులో రాయడం నా పని. ఉర్దూ దఫ్తరు ఇంగ్లీషులోకి మారుతున్న రోజులవి. ఇంగ్లీషు వచ్చునని నన్ను ఇద్దరు సీనియర్ల మీద కూర్చోబెట్టారు. ఆ కుర్చీ ఇంకా ఖాయం కాలేదు.

మొదట్లో ఆయన వెంట పది పన్నెండుసార్లు నడిచాను. ఆయన ఏ ఇంటి ముందు ఆగినా మూడే ప్రశ్నలు. "అమ్మా, మీ వాకిట్ల చెత్త ఎవరెత్తుతరు? మీ గల్లీల దీపం ఎవరు ముట్టిస్తరు? బిడ్డ పుడితె ఏ దఫ్తర్ల రాయిస్తరు?" మూడింటికీ ఆడవాళ్లు నవ్వితే, ఆ ఇల్లు ఏ హద్దులోనూ లేదని ఆయనకు అర్థమయ్యేది. జవాబు చెప్పేంతసేపు ఆ ఇంటి గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడేవాడు. ఎందుకో అడగలేదు.

ఒక సాయంత్రం యాకుత్‌పురాలో ఒక గల్లీ చివర దీపాలు ముట్టించేవాడు నిచ్చెన వేసి ఆఖరి దీపం వెలిగించి దిగుతున్నాడు. ఆ స్తంభం అవతల ఒక గోడ, గోడ అవతల చీకటి. నెత్తిన గంపతో ఒకామె ఆ చీకట్లో కాలితో తడుముకుంటూ పోతోంది.

"ఇంకో దీపం లేదా భాయ్?" అన్నాడు గిర్దావర్ సాబ్.

"గా గోడ దాకనే మా కమిటీ సాబ్. గోడ దాటి ముట్టిస్తె నా నౌకరీ పోతది."

"నువ్వు గోడ దాటకు. దీపం గీడనే ఉండనీ." ఆయన గొడుగు చివరతో దీపం వెనకనున్న రేకును తట్టి చూపించాడు. "గీ రేకు ఇటు దిక్కు తిప్పు. వెలుగు నీ నౌకరు కాదు గద, అదే పోతది."

వాడు కాసేపు ఆలోచించి, నవ్వి, మళ్లీ నిచ్చెనెక్కి రేకు తిప్పాడు. గంప మోస్తున్నామె ఒక్కసారి ఆగి వెనక్కి చూసింది. గిర్దావర్ సాబ్ అప్పటికే పుస్తకం తీసి రాసుకుంటున్నాడు. ఇలాంటివి ఆయన దగ్గర చాలా చూశాను.

ఇక రాళ్ల బస్తీ. యాకుత్‌పురా స్టేషన్ వెనక ఒక వాగుంది. వాగు ఇవతల పట్నం. అవతల రైలుపట్టాలకు కంకర కొట్టేవాళ్ల గుడిసెలు, అరవై దాకా ఉండేవి. వాటిని దాటితే బండ్లబాట, బాటకు ఆ పక్కన ఒక జాగీర్దారు మామిడితోట. తోటకు సైదాబాద్ రోడ్డు వైపు నుంచి దారుంది. బస్తీకి నీళ్లు లేవు. ఆడవాళ్లు పట్టాలు దాటి వెళ్లి బిందెలు మోసుకొచ్చేవాళ్లు. బస్తీ బల్దియాలో చేరితే నల్లా వస్తుంది, చేరకపోతే రాదు. వాళ్లకు హద్దంటే అదే.

గిర్దావర్ సాబ్ ఆ ముక్క నడిచిన రోజు వాన. నన్ను రమ్మన్నాడు. తలనొప్పి అని చెప్పి నేను దఫ్తరులోనే ఉండిపోయాను. నిజానికి కొత్త బూట్లు తడుస్తాయని. స్టేషన్ వైపు వాగు పొంగి దాటనివ్వకపోతే, ఆయన చుట్టూ తిరిగి సైదాబాద్ కొస నుంచి బండ్లబాట పట్టి ఎదురు దిశలో నడుచుకుంటూ వచ్చాడట. ఎన్నాళ్ల పద్ధతో ఆ ఒక్కరోజు తిరగబడింది. పట్నం, దానితో పాటు బస్తీ, ఆయన ఎడమచేతి వైపు వచ్చాయి. తోట కుడివైపు వచ్చింది. ఆయన చూసింది చూసినట్టే రాసి, అంచులో ఒక వాక్యం పెట్టాడు: "వాగు పొంగినందున ఈ ముక్క ఎదురు నడిచితిని. ఇక్కడ ఎడమయే లోపల."

వాన తగ్గేదాకా బస్తీలో నర్సమ్మ గుడిసెలో కూర్చున్నాడు. నర్సమ్మ కంకర కొట్టే మనిషి, బస్తీకి ఆమె మాటే మాట. చాయ్ ఇచ్చి, "మేం లోపలనా బయటనా అయ్యా?" అని అడిగింది.

"లోపలనే ఉన్నరమ్మా" అన్నాడట ఆయన.

నేను జాబితా రాసేటప్పుడు ఆ వాక్యం చదవలేదు. నాకు ఉర్దూ రాక కాదు, నేను చదువుకున్నదే ఉర్దూలో. కుడిలో ఉన్నవి లోపల, ఎడమలో ఉన్నవి బయట అని ముప్పై పేజీలు దించీ దించీ, చెయ్యి దానంతటదే పోతోంది. నా కన్నంతా ఇంగ్లీషు మీద. తోట లోపలికొచ్చింది. బస్తీ బయటికి పోయింది.

పెద్దసాబు సంతకమైంది, గెజిట్‌లో పడింది, పటం అచ్చయి వచ్చింది. ఆ పటం చూసినప్పుడు నాకు తప్పు కనిపించింది. వాగు ఇవతల పట్నం, బాట అవతల తోట కూడా పట్నమే, నడుమ బస్తీ ఒక్కటే తెల్లగా, ఊడిన పంటి సందులాగా. పుస్తకం తీసి ఆ పేజీ తిప్పాను. అంచులో వాక్యం చదివాను. రెండోసారి కూడా చదివాను. తర్వాత పుస్తకాన్ని నా బల్ల కింది సొరుగులో పాత ఫారాల అడుగున పెట్టి తాళం వేశాను. అచ్చయిన జాబితాలో తప్పు దొరికితే నా కుర్చీ పోతుందని. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందా అని ఇన్నేళ్లు వెతుక్కున్నాను. లేదు.

అభ్యంతరాలు వినడానికి పెద్దసాబు కూర్చున్న రోజు బస్తీ నుంచి ఇరవై మంది వచ్చారు. నర్సమ్మ ముందు నిలబడింది. ఆ పాటికే తోటను ప్లాట్లు చేసి అమ్ముతున్నారని పట్నమంతా తెలుసు. బల్దియాలో కలిసిన తోటకు ధర ఎంత పెరుగుతుందో కూడా తెలుసు. జాబితా చదవగానే గిర్దావర్ సాబ్ లేచాడు.

"సాబ్, ఇది నేను రాసినట్టు లేదు."

పెద్దసాబు నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్?"

"పుస్తకంల ఉన్నదే దించిన సార్" అన్నాను.

"పుస్తకం తెప్పించు."

"వెతుకుతున్నం సార్. కనబడతలేదు."

గిర్దావర్ సాబ్ నన్నొకసారి చూశాడు. కోపంగా కాదు. లెక్క సరిపోనప్పుడు కాగితాన్ని చూసినట్టు చూశాడు. తర్వాత పెద్దసాబుతో, "పుస్తకం లేకుంటె నడుద్దాం సాబ్. యాకుత్‌పురా ఎంత దూరం? అందరం పోయి చూసొద్దాం. ఎక్కాబండి పిలిపిస్త, మీరు కూసొని రాండ్రి" అన్నాడు.

"నడిస్తె గెజిట్ మారదు" అన్నాడు పెద్దసాబు. "పుస్తకం ఆధారం లేంది నేను మార్చ. మళ్ల హద్దులు చూసినప్పుడు చూద్దాం."

అప్పుడు నర్సమ్మ ముందుకొచ్చింది. "మా ఇంట్ల చాయ్ తాగితివి. నీ నోటితోనే లోపల అంటివి. తోటోళ్ల ఇంట్ల ఏం తాగినవయ్యా, మమ్మల్ని బయట పడేసినవు?"

ఆయన చెయ్యి గోడ కోసం వెతికినట్టు పక్కకు పోయింది. అక్కడ గోడ లేదు.

"నర్సమ్మా" అన్నాడు, "నేనన్న మాట నిజం చేస్త. జర టైం పడ్తది."

"చేస్తవు చేస్తవు" అని ఆమె నెత్తి మీద నుంచి జారిన కొంగు సర్దుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు ఆయన నా బల్ల దగ్గరికొచ్చాడు. "తమ్మీ, పుస్తకం దొరికితె చెప్పు. గా పేజీల అంచుకు ఒక మాట రాసి పెట్టిన. నాకు యాదికున్నది."

"చెప్త సాబ్."

"దఫ్తర్ల పోయిన కాగితం యాడికీ పోదు. ఫికర్ చెయ్యకు" అని నాకే ధైర్యం చెప్పి వెళ్లాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన రాళ్ల బస్తీకి పోవడం మొదలుపెట్టాడు. అర్జీలు రాసేవాడు, వేలిముద్రలు వేయించేవాడు, నీళ్ల కమిటీకి ఒకటి, మోరీల కమిటీకి ఒకటి, మాకు ఒకటి. మా దఫ్తరుకు వచ్చినవి నా బల్ల మీదకే వచ్చేవి. బస్తీవాళ్లు అర్జీల మీద వేలేసేవాళ్లు కానీ ఆయనకు మళ్లీ చాయ్ ఇవ్వలేదు. తోటవాళ్ల దగ్గర తిని, ఇప్పుడు పాపభయం పట్టుకుందనుకున్నారు. మా దఫ్తరులోనూ అదే మాట. ఆయన ఎంత తిరిగితే అంతగా, తప్పు చేయకపోతే ఇంత ఎందుకు తిరుగుతాడన్నారు. ఆయన మంచితనమే ఆయన మీద సాక్ష్యమైంది.

మరుసటి వేసవిలో గత్తర, అదే కలరా, వచ్చింది. సూదులు వేసే కాంపౌండరు వాగు దాకా వచ్చి, రాళ్ల బస్తీ బల్దియా జాబితాలో లేదని వెనక్కి తిరిగిపోయాడు. ఆ వారంలో బస్తీలో ఇద్దరు పోయారు. అందులో ఒకడు నర్సమ్మ మరిది. ఇది రాయాల్సిందే. నేను సొరుగు తెరిచి ఉంటే ఆ సూది వాగు దాటేది.

కాంపౌండరు రెండోసారి యాకుత్‌పురాకు వచ్చినప్పుడు జాబితా పట్టుకుని వెంట పొమ్మని నన్ను పంపారు. వాగు మీద చిన్న కల్వర్టు ఉంది. మేం అక్కడికి చేరేసరికి గిర్దావర్ సాబ్ దాని మీద నిలబడి ఉన్నాడు. ఆయన వెనక అవతలి ఒడ్డున బస్తీ బస్తీ అంతా.

"కాంపౌండర్ భాయ్, గీ కల్వర్టు ఎవరిది?"

"బల్దియాది సాబ్."

"దీని మీద నిలబడ్డోడు యాడున్నట్టు?"

"బల్దియాలనే. కాని గీళ్లు గా బస్తీవాళ్లు. నా లిస్టుల లేరు."

"లిస్టుల మనుషుల పేర్లుంటయా, జాగల పేర్లుంటయా?" నా వైపు చెయ్యి చాచాడు. "తమ్మీ, చదువు."

నేను చదివాను. జాగాల పేర్లే ఉన్నాయి.

"విన్నవా? కాళ్లు యాడుంటె మనిషి గాడ. సూది పొడువు."

కాంపౌండరు నెత్తి గోక్కున్నాడు, నన్ను చూశాడు, నవ్వాడు, పెట్టె దించాడు. ఒక్కొక్కరే కల్వర్టు ఎక్కడం, చెయ్యి చాపడం, మళ్లీ దిగి బస్తీలోకి పోవడం. నడవలేని ఒక ముసలామెను మంచంతో సహా మోసుకొచ్చారు, ముందు కొసన గిర్దావర్ సాబే పట్టాడు, వంగిన భుజంతోనే. మంచం కల్వర్టు మీద దించారు. ఆమె తలెత్తి చుట్టూ చూసి, "పట్నమంటె గిదేనా అయ్యా?" అంది.

"గిదే అవ్వా. ఇంత మాత్రమే" అన్నాడు. అందరూ నవ్వారు. కొన్ని రోజులుగా ఆ బస్తీలో నవ్వు లేదని మర్చిపోయారేమో, నవ్వి మళ్లీ సిగ్గుపడ్డారు.

సూది వేసుకుని దిగుతూ నర్సమ్మ పక్కామెతో, ఆయనకు వినబడేంత గట్టిగానే, "తిన్నది కక్కుతుండు" అంది. ఆయన విన్నాడు. ఏడుస్తున్న ఒక పిల్ల చేతిలో పుట్నాలు పోస్తూ, "తర్వాత ఎవరు?" అన్నాడు. నేను పక్కనే జాబితాతో నిలబడి ఉన్నాను. నా వైపు ఎవరూ చూడలేదు.

రిటైరైన రోజు చార్జీ అప్పగిస్తూ తన పేరున ఉన్న పుస్తకాలన్నీ వరసగా రాశాడు. యాకుత్‌పురా ముక్క దగ్గర పోయినదని రాస్తాడనుకున్నాను. "దఫ్తరులో ఉన్నది" అని రాసి, ఇంకు మీద ఊది, సంతకానికి నా ముందు పెట్టాడు. నేను సంతకం చేశాను.

"తమ్మీ, నీకు నడక తక్కువైంది" అన్నాడు లేస్తూ. "రోజు ఒక గంటన్న నడువు." ఆయనకు తెలుసా, తెలియదా అని ఆ మాటను ఇన్నేళ్లు అటూ ఇటూ తిప్పి చూశాను. తెలిసే ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను. తెలిసినవాడు నన్ను ఎందుకు వదిలేశాడో మాత్రం తెలియదు.

పెన్షను మనిషిగా కూడా మా వరండా బెంచీ మీదికి అర్జీలతో వచ్చేవాడు. కొత్త గుమాస్తాలు ఆయన్ను చూసి, "వచ్చిండు రాళ్ల బస్తీ మామ" అనుకునేవాళ్లు. రాష్ట్రం మారిన తర్వాత కొత్త అధికారులొచ్చారు. నీళ్ల కమిటీ, దీపాల కమిటీ, మోరీల కమిటీ అన్నీ తీసేసి బల్దియాలో కలిపేయాలనుకున్నారు. ఎట్లా చేయాలని పాత ఫైళ్లు వెతికితే ఆయన నాలుగు పేజీల నోటు దొరికింది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చమని నాకే ఇచ్చారు. ఈసారి అంచుల్లో ఉన్నవి కూడా చదివాను. అన్నిటికీ ఒకటే హద్దు గీశారు. ఆ ఫైల్లోనే కుట్టి ఉన్న అర్జీల కట్ట చూసి రాళ్ల బస్తీని లోపలికి తెచ్చారు. నేను చెప్పవలసిన అవసరం కూడా లేకుండా ఆయన కాగితాలే పని పూర్తి చేశాయి.

నల్లా తిప్పిన రోజు బస్తీలో మేళం పెట్టారు. వార్డు మెంబరుకు దండ వేశారు. గిర్దావర్ సాబ్‌ను ఎవరూ పిలవలేదు. ఆయన దూరంగా నిలబడి, నీళ్లొచ్చేదాకా చూసి, వెళ్లిపోయాడు. నేను ఇటువైపు అధికారుల వరసలో కుర్చీలో ఉన్నాను. లేచి పోలేదు.

మొన్న చాయ్ దగ్గర ఆ మాట విన్న సాయంత్రమే సొరుగు తీసి పుస్తకం బయట పెట్టాను. జరిగినదంతా రాసి మా అధికారికి ఇచ్చాను. ఆయన చదివి, "బస్తీ లోపలికొచ్చింది గద. ఆయన పోయిండు. ఇప్పుడెందుకు ఈ లొల్లి?" అని కాగితం నాకే తిరిగి ఇచ్చాడు. ఆదివారం పుస్తకం పట్టుకుని రాళ్ల బస్తీకి పోయాను.

నర్సమ్మ గుడిసె ముందు కూర్చుని సుత్తెకు కొత్త కర్ర బిగిస్తోంది. గుర్తుపట్టింది.

"గిర్దావర్ సాబ్ పోయిండు" అన్నాను.

"ఎరుకైంది. ఎన్కకు మంచోడే అయిండు పాపం. చేసిన తప్పు ఒప్పుకోలే గని, మోసిండు."

"ఆయన తప్పు చేయలేదమ్మా. చేసింది నేను."

పేజీ తెరిచి చూపించాను. "నాకు సదువొస్తదా? నోటితోని చెప్పు" అంది. చెప్పాను. ఎదురు నడక, అంచులో వాక్యం, సొరుగు, తాళం. ఆమె మరిది సంగతి కూడా ఆమె అడగకముందే చెప్పాను. ఆమె సుత్తె పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. ఆ పేజీ అంచు మీద వేలు పెట్టింది.

"అంటె" అంది, "ఏ తప్పు లేకుండనే గన్ని దినాలు వచ్చిండా మా కాడికి?"

"అవును."

"మేం గట్ల అన్నంక గూడ?"

నేను తల ఊపాను. ఆమె లేచి నిలబడి గుడిసెల వైపు చెయ్యి ఊపింది. "ఓ వదినా! మల్లేశా! అందరు ఇటు రాండ్రి, పని ఇడిసిపెట్టి రాండ్రి!" నా వైపు తిరిగింది. "నా ఒక్కదానికి చెప్తె ఏం ఫాయిదా సారు? అన్నోళ్లందరం ఉన్నం."

ఒక్కొక్కరే వచ్చారు. చేతులు తుడుచుకుంటూ ఆడవాళ్లు, మంచాల మీద నుంచి లేచి మగవాళ్లు. ఆమె నన్ను కూర్చోమనలేదు.

"మొదటికెల్లి చెప్పు" అంది. "నడుమల ఏం ఇడిసిపెట్టకు."

ఆ రోజు వాన నుంచి, నా కొత్త బూట్ల నుంచి మొదలుపెట్టాను.